స్పెయిన్ జ్ఞానోదయ యుగ సాహిత్యం: ఏ రచనతో మొదలుపెట్టాలి?

ప్రశ్న (పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు)

గుంటూరులో మేము కొందరం నెలకొకసారి కలుసుకొని ఐరోపా సాహిత్యాన్ని ఆంగ్లానువాదాలలో చదువుకుంటున్నాము. స్పెయిన్ రచయితలలో పదిహేడవ శతాబ్దపు సెర్వాంటెస్ తరువాత ఏకంగా ఇరవయ్యవ శతాబ్దపు లోర్కా దగ్గరకు వచ్చేశాము. మధ్యనున్న పద్దెనిమిదవ శతాబ్దాన్ని మాకు దొరికిన సాహిత్య చరిత్రలు ఫ్రాన్సుకు అనుకరణ అని ఒక్క మాటతో దాటేస్తున్నాయి. ఫ్రాన్సులోని వోల్టేర్ వంటి ధిక్కార రచయిత పుట్టనంత మాత్రాన ఆ కాలపు స్పెయిన్‌కు సొంత ఆలోచన లేదనడం న్యాయమేనా? వచ్చే సమావేశానికి దేనిని ఎంచుకోమంటారు?

సమాధానం (విశ్రాంత చరిత్రోపన్యాసకుడు, విజయవాడ)

అమ్మా, అది న్యాయం కాదు. స్పెయిన్‌లో పాత నమ్మకాలను ప్రశ్నించే పనికి పూనుకున్నవారు మతాన్ని ధిక్కరించి బయటకు వచ్చినవారు కారు. సన్యాసులు, న్యాయాధికారులు, సైనికులు. మతవిరోధులను విచారించే చర్చి న్యాయస్థానమైన ఇంక్విజిషన్ కనుసన్నల్లో, వ్యవస్థ లోపలే ఉండి రాశారు కనుక వారి గొంతు తగ్గుస్థాయిలో వినిపిస్తుంది, కాని వారు చెప్పిన విషయం చిన్నది కాదు. ఒవియెదోలో వేదాంతం బోధించిన బెనెడిక్టైన్ సన్యాసి ఫెయ్‌హో 1726 నుండి 1740 వరకు సంపుటాలుగా వెలువరించిన వ్యాసాలలో గ్రహణాలు, తోకచుక్కలు, జాతకాలు, దొంగ మహిమలు, వైద్యుల అజ్ఞానం అన్నింటినీ వరుసగా పరీక్షకు పెట్టాడు. స్త్రీల బుద్ధి పురుషుల బుద్ధికి ఏమాత్రం తీసిపోదని మొదటి సంపుటంలోనే వాదించాడు. ఆయనపై ఖండన గ్రంథాలు ఎంతగా వచ్చిపడ్డాయంటే, చివరకు 1750లో రాజు ఆరవ ఫెర్నాందో ఆయన రచనలను ఖండించరాదని ఆజ్ఞ ఇవ్వవలసి వచ్చింది. రాజాజ్ఞతో విమర్శను ఆపించడం వివేకానికి శోభనివ్వదనే నా అభిప్రాయం, అయినా ఆ వ్యాసాలతోనే మొదలుపెట్టండి.

సమాధానం (రంగస్థల కార్యకర్త, విజయవాడ)

పెద్దలు చెప్పినది నిజమే కాని, నలుగురు కూర్చుని చదువుకోవడానికి నాటకాన్ని మించినది లేదు. మొరాతీన్ రాసిన ‘ఎల్ సీ దె లాస్ నీన్యాస్’ (అమ్మాయిల అంగీకారం) 1806 జనవరి 24న మాడ్రిడ్‌లో మొదలై ఇరవై ఆరు రోజులు ఏకధాటిగా ఆడింది. కాన్వెంటులో పెరిగిన పదహారేళ్ల పిల్లను ఆమె తల్లి డబ్బున్న యాభై తొమ్మిదేళ్ల దోన్ దియేగోకు కట్టబెట్టాలని చూస్తుంది. పిల్ల మనసిచ్చినవాడు ఆ పెద్దమనిషి మేనల్లుడే. కథంతా ఆల్కలా దె ఎనారెస్‌లోని ఒక సత్రంలో, సాయంత్రం ఏడు గంటలకు మొదలై తెల్లవారుజామున ముగుస్తుంది. ‘కన్యాశుల్కం’ ఎరిగిన మనకు ఈ వస్తువు కొత్త కాదు, కాని అక్కడ లుబ్ధావధాన్లను చూసి నవ్వినట్టు దోన్ దియేగోను చూసి నవ్వలేము. నిజం తెలిశాక ఆయనే తప్పుకొని వారి పెళ్లికి అడ్డు తొలగిస్తాడు. అంతకుముందు, మనసులోని నిర్దోషమైన ప్రేమను దాచిపెట్టి బొంకడం నేర్పడాన్నే మనం మంచి పెంపకమని పిలుస్తున్నామని ఆయన వాపోయే ఘట్టం ఈ నాటకానికి ప్రాణం.

సమాధానం (పాఠకుడు, తెనాలి)

అనుకరణ అనే మాట వచ్చింది కనుక కదాల్సో ‘మొరాకో లేఖల’ను కూడా చూడండి. పరదేశి కళ్లతో సొంత దేశాన్ని చూపే, 1721 నాటి ఫ్రెంచి రచయిత మాంటెస్క్యూ ‘పర్షియన్ లేఖల’ పద్ధతి దీనికి ఆదర్శమన్నది కాదనలేము. అయితే ఇందులో దేశాన్ని పరికించే మొరాకో యువకుడు గాసెల్ పక్కన నూన్యో అనే స్పెయిన్ మనిషి ఉంటాడు, తన దేశాన్ని ప్రేమిస్తూనే దాని క్షీణతను దాచకుండా చెబుతాడు. వంశపారంపర్య ప్రతిష్ఠ అంటే తాను పుట్టడానికి ఎనిమిది వందల ఏళ్ల ముందు తన పేరే గల ప్రయోజకుడొకడు చనిపోయాడని, తాను ఎందుకూ పనికిరానివాడై ఉండి కూడా, గర్వించడమేనని ఒక లేఖలో వస్తుంది. కదాల్సో సైనికాధికారి, 1782లో జిబ్రాల్టర్ ముట్టడిలో మరణించాడు. ఈ లేఖలు 1789లో గాని పత్రికలో అచ్చుకాలేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ముందు నాటకాన్ని పాత్రలు పంచుకొని చదువుతాము. స్త్రీల బుద్ధిని గురించిన ఆనాటి చర్చలో స్త్రీలే స్వయంగా రాసిన సందర్భాలు ఉన్నాయా?

సమాధానం (విశ్రాంత చరిత్రోపన్యాసకుడు, విజయవాడ)

ఉన్నాయమ్మా. దేశాభివృద్ధి కోసం ఏర్పడిన మాడ్రిడ్ ఆర్థిక సంఘంలో స్త్రీలకు సభ్యత్వం ఇవ్వాలా వద్దా అని వాదోపవాదాలు సాగుతున్నప్పుడు, సరగోసాకు చెందిన హోసెఫా అమార్ ఇ బోర్బోన్ 1786లో స్త్రీల ప్రతిభను సమర్థిస్తూ వ్యాసం ప్రకటించింది. చదువుకొనే అవకాశాన్ని నిరాకరించి, ఆపై అజ్ఞానులని నిందించడమేమిటని ఆమె నిలదీసింది. మరుసటి ఏడాది రాజు మూడవ కార్లోస్ స్త్రీలను అనుమతించాడు గాని, పురుషుల సరసన కాకుండా వారికి వేరే శాఖ ఏర్పాటు చేయించాడు. ఫెయ్‌హో వ్యాసాన్ని, ఆమె వ్యాసాన్ని ఒకే సమావేశంలో చదవండి. అరవై ఏళ్ల తరువాత అదే వాదాన్ని ఆమె ఇంకా ఎందుకు చేయవలసి వచ్చిందో అక్కడ చర్చించవచ్చు.