షామన్ మన శ్రమణుడేనా?

షామన్ (సైబీరియా, మంచూరియా వైపు డప్పు కొడుతూ ఆత్మలతో మాట్లాడేవాడు) అంటే మన శ్రమణుడేనని, బౌద్ధంతో పాటు చైనా వెళ్లి ఆ మాట అలా మారిందని ఒకరు రాశారు. పాళీలో సమణ, చైనా భాషలో షామెన్ ఉన్నాయి కాబట్టి దారి దొరికినట్టే ఉంటుంది. 1924లో రష్యన్ పండితులు షిరొకొగొరొవ్, మిరొనొవ్ ఆ వైపే వాదించారు. అంతకుముందే 1917లో మానవశాస్త్రవేత్త బెర్తోల్డ్ లౌఫర్ కాదన్నాడు. నా మొగ్గు లౌఫర్ వైపే. శ్రమణుడు ఇల్లూ వాకిలీ వదిలినవాడు, ప్రాణిని చంపనివాడు. ఈశాన్య చైనాలోని మంచూల సమన్ (షామన్‌కు వాళ్ల మాట) తన వంశం మధ్యే ఉంటూ, వేటాడే జనం కోసం డప్పు పట్టినవాడు. మంచూ భాషలో ‘సంబి’ అంటే తెలియడం. సమన్ అంటే ‘తెలిసినవాడు’ అని కొందరు చెప్పేది అందుకే. అదీ ఇంకా తేలలేదు.

– మరి తెలుగులో మాంత్రికుడు అనేస్తే పోదా?

వద్దండీ. మాంత్రికుడు అనగానే మనకు చేతబడి, నిమ్మకాయలు గుర్తొస్తాయి. పూనకం కొంత దగ్గరే. కానీ మనకు పూనకంలో దేవత మనిషి మీదికి వస్తుంది. సమన్‌కు అదీ ఉంది, ఆపైన తానే పరలోకానికి వెళ్లి రావడమూ ఉంది. మంచూల నిశాన్ సమన్ కథ చూడండి. నిశాన్ ఆడమనిషి. వేటకు వెళ్లి చనిపోయిన పదిహేనేళ్ల కుర్రాడి ప్రాణం తేవడానికి బయల్దేరుతుంది. దారిలో ఏరు అడ్డమొస్తే డప్పును నీళ్ల మీద వేసి, దాని మీద నిలబడి దాటుతుంది.

నాకు బాగా నచ్చిన ఘట్టం ఇంకోటి. అక్కడి యముడు ఇల్మున్ ఖాన్‌కు వేటకు కుక్క లేదు, పొద్దు చెప్పే కోడి లేదు. కుర్రాడికి బదులు నిశాన్ ఆ రెండూ ఇస్తుంది. కోడిని ‘అశి’, కుక్కను ‘చూ’ అని పిలవమంటుంది. తీరా అలా పిలిస్తే రెండూ ఆమె వెనకే పరుగు! ఎందుకంటే ‘అశి’ కోడిని తోలే మాట, ‘చూ’ కుక్కను ఉసిగొల్పే మాట. మనం కోడిని హుష్ అన్నట్టు, కుక్కను ఉస్కో అన్నట్టు. బతిమాలితే అప్పుడు అసలు పిలుపులు చెబుతుంది: కోడికి ‘గు గు’, కుక్కకు ‘ఎరి ఎరి’.

మీ ఊళ్లో కోళ్లను ఏమని పిలుస్తారు, ఏమని తోలుతారు? రాయండి.