పాత ఇంటి కింద సెల్లార్: నీళ్లు ఊరకుండా ఎలా? (కర్నూలు)

హంద్రీగట్టు:
కర్నూలు పాతబస్తీలో పాత రాతిగోడల ఇల్లు. పునాది 5 అడుగులు, నల్లరేగడి నేల. 12×18 అడుగుల ముందుగది కింద సెల్లార్ వేయాలని ఉంది, తవ్వకం 9 అడుగులు వస్తుంది. వానాకాలం పక్కింటి బావిలో నీళ్లు 6 అడుగుల్లోనే ఉంటాయి. 2009 అక్టోబరు వరదలో వీధంతా మునిగింది. లోపల వాటర్‌ప్రూఫ్ సిమెంటు పూస్తే చాలంటున్నాడు మేస్త్రి. నిజమేనా?

తాపీ:
పూతతో ఆగదండీ. నీళ్లు బయటినుంచి నెట్టి ప్లాస్టరును ఊడదీస్తాయి. అసలు ముందు చూడాల్సింది గోడ. పునాదికన్నా 4 అడుగులు కిందికి దిగుతున్నారు. రాళ్ల మధ్య ఏముందో గీకి చూడండి. సిమెంటయితే అండర్‌పిన్నింగ్ కుదురుతుంది: గోడ కింద 3 అడుగుల ముక్క తవ్వి కాంక్రీటు పోసి, పైన 2 అంగుళాలు వదిలి, అది గట్టిపడ్డాక నాన్‌ష్రింక్ గ్రౌట్ (ఆరినా కుంచించుకోని సిమెంటు ముద్ద) దట్టించాలి. గోడ పొడవునా ముక్కలకు నంబర్లిస్తే, తవ్వే వరస 1, 4, 2, 5, 3. పక్కపక్క ముక్కలు ఒకేసారి తెరిచారా, గోడ కుంగుతుంది. మట్టయితే ఆ ఆలోచన మానుకోండి, రాళ్లు జారి గుంటలో పడతాయి.

కడ్డీ_కాంక్రీటు:
ఆ ముక్కలు బరువు మోయడానికే. మూడడుగులకో అతుకు, ప్రతి అతుకూ కారుతుంది. లోపల విడిగా ఆర్.సి.సి. పెట్టె కట్టాల్సిందే: 10 అంగుళాల రాఫ్ట్ (అడుగు స్లాబు), 8 అంగుళాల గోడ, ఎం30 గ్రేడు కాంక్రీటు. సిమెంటు బస్తాకు నీళ్లు 22 లీటర్లు దాటొద్దు, ఇసుకలో తడి కూడా ఆ లెక్కలోదే. ఎక్కువగా కారేది రాఫ్టూ గోడా కలిసేచోట. రాఫ్ట్‌తోపాటే 6 అంగుళాల కిక్కర్ (గోడ మొదలు) పోసి, అతుకులో నీళ్లు ఆపే 9 అంగుళాల పీవీసీ పట్టీ, వాటర్‌స్టాపర్‌ను సగం అందులో, సగం పైకి నిలబెట్టండి. పోసేటప్పుడు అది పక్కకు వాలిపోతుంది, తీగతో కడ్డీలకు కట్టించండి. సెంట్రింగు బోల్టులకు పైపు ముక్కలు పెట్టనివ్వకండి, ఒక్కోటీ ఒక్కో బొక్క.

హంద్రీగట్టు:
గీకితే మట్టే రాలింది. మరి వాకిట్లో 12×15 తవ్వితే?

కడ్డీ_కాంక్రీటు:
అదే మేలు. తవ్వకం అంచు ఇంటి గోడకు కనీసం 5 అడుగుల దూరంలో ఉండాలి. ఫిబ్రవరి, మే మధ్యే తవ్వండి, వాన పడితే రేగడి గట్లు విరుగుతాయి. కాకపోతే అక్కడ పైన ఇంటి బరువుండదు, పెట్టె తేలుతుంది! వరద నేలమట్టానికొస్తే అడుగున చదరపు మీటరుకు 2.7 టన్నుల తోపుడు. 6 అంగుళాల పైకప్పుతో కలిపినా పెట్టె బరువు చదరపు మీటరుకు 2.2 టన్నులే. రాఫ్ట్‌ను నాలుగువైపులా అడుగున్నర బయటికి చాపి, దానిమీద మట్టి నింపాలి. ఇంజనీరుతో ఈ లెక్క వేయించాకే ప్లాను ఖాయం చేసుకోండి.

తాపీ:
పైకప్పు, మట్టి నింపడం రెండూ అయ్యేదాకా ఊటనీళ్లు తోడే మోటారు ఆపకండి. మెట్ల పైగడప, కిటికీలు 2009 నీటి మరకకంటే ఎత్తులో ఉంచండి.