ఫేజ్-1 క్యాన్సర్ ట్రయల్: గుంటూరు నుంచి వెళ్లేముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న (గుంటూరు, అరండల్‌పేట):
మా బాబాయికి 58 ఏళ్లు, ఊపిరితిత్తుల క్యాన్సర్ నాలుగో దశ. రెండు రకాల కీమో అయిపోయింది. హైదరాబాద్‌లో ఫేజ్-1 ట్రయల్ ఉంది, చూస్తారా అన్నారు డాక్టరుగారు. అందులో ఏం చేస్తారు? ఏమేం పట్టుకెళ్లాలి?

జవాబు 1 (విజయవాడ):
ఫేజ్-1 అంటే కొత్త మందుని మనుషుల మీద పరీక్షించే తొలి దశ. ఇందులో ముందుగా తేల్చేది మనిషి ఎంత డోసు తట్టుకోగలడన్నదేనండీ. పాత పద్ధతిలో ఒక డోసు ముగ్గురికిస్తారు. మొదటి సైకిల్లో, అంటే మామూలుగా 21 లేదా 28 రోజుల్లో, ఎవరికీ తీవ్రమైన ఇబ్బంది రాకపోతే తర్వాతి ముగ్గురికి పెంచుతారు. ఒకరికి వస్తే అదే డోసు ఇంకో ముగ్గురికిస్తారు. ఆరుగురిలో ఇద్దరికి వచ్చిందా, ఇక పెంచరు. మీ బాబాయిగారు ఎన్నో మెట్టులో చేరుతున్నారో తప్పకుండా అడగండి. కింది మెట్లలో డోసు పనిచేయనంత తక్కువ కావచ్చు, పైమెట్లలో ప్రమాదం ఎక్కువ. కణితి తగ్గేవాళ్లు ఉంటారు, కానీ కొద్దిమందే. ఈ సంగతి బాబాయిగారికి కూడా తెలియాలి.

జవాబు 2 (గుంటూరు, ల్యాబ్ పని తెలిసినవాణ్ణి):
బయాప్సీ రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, పారఫిన్ బ్లాక్ అడుగుతారు. చిన్న ప్లాస్టిక్ క్యాసెట్ మీద మైనపు దిమ్మ, దానిలో కణితి ముక్క. బయాప్సీ చేసిన ల్యాబులో అర్జీ రాసిచ్చి తీసుకోండి. మన ఎండల్లో కారు డ్యాష్‌బోర్డు మీద పెడితే మైనం మెత్తబడిపోతుంది, చేతిసంచిలో నీడన ఉంచండి. స్కాన్లు ఫిల్ములుగా కాకుండా సీడీలో అడగండి.

చాలామంది రక్తపరీక్షల దగ్గరే ఆగిపోతారు. ప్లేట్‌లెట్లు లక్ష, న్యూట్రోఫిల్స్ (ఒకరకం తెల్ల రక్తకణాలు) 1500, హిమోగ్లోబిన్ 9 కనీసం ఉండాలని చాలా ట్రయల్స్‌లో రాసుంటుంది. ముందురోజు రక్తం ఎక్కించుకుని వెళ్తే లెక్కలోకి తీసుకోకపోవచ్చు. ఆకుపసర్లు వాడుతుంటే దాచకండి, కొన్ని కాలేయం మీద పనిచేసి మందు లెక్కనే మార్చేస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
పొద్దున వెళ్లి సాయంత్రం రైలుకి వచ్చేయొచ్చా? ఖర్చెవరిది?

జవాబు 1:
మొదటిరోజు కుదరదండీ. మందు వేశాక గంటకి, రెండు, నాలుగు, ఎనిమిది గంటలకి, మర్నాడు మళ్లీ రక్తం తీయడం మామూలే. మొదటి సైకిలంతా ఆసుపత్రికి దగ్గర్లో గది చూసుకోండి. ట్రయల్ మందుకి డబ్బు అడగకూడదు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని క్లినికల్ ట్రయల్స్ మీద కేంద్రం తెచ్చిన 2019 నిబంధనల్లో ఉంది. ప్రయాణం, బస ఖర్చు ఇస్తారో లేదో సమ్మతి పత్రంలో చూడండి. ఆ పత్రం తెలుగులో అడిగి, ఇంటికి తెచ్చుకుని చదివాకే సంతకం పెట్టించండి. సీటీఆర్ఐ (దేశంలో జరిగే ట్రయల్స్ నమోదుచేసే రిజిస్ట్రీ) నంబరు లేని ట్రయల్‌లో చేరొద్దు. చేరాక కూడా ఎప్పుడైనా మానేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు.

జవాబు 2:
నొప్పికి మార్ఫిన్ వాడుతుంటే భయపడి ఆపేయకండి. ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని గంటలకోసారో కాగితం మీద రాసుకుని వెళ్లండి.