నిలువుగా పెడితే గుర్రుమంటున్న ఆయిల్ బుష్ మోటారు: కారణం, మార్గం చెప్పండి

బ్లోవర్_సాధన
అందరికీ నమస్కారం. చిన్న బ్లోవర్ తయారు చేస్తున్నాను. బ్రష్‌లెస్ మోటారు, 6 మి.మీ. షాఫ్ట్, రెండు చివరలా షాఫ్ట్ తిరిగే గొట్టాలుగా నూనె పీల్చుకున్న సింటర్డ్ (పొడిని నొక్కి కాల్చి చేసిన, సన్న రంధ్రాలున్న) కంచు బుష్‌లు. అడ్డంగా పడుకోబెడితే నిమిషానికి 9,000 చుట్ల దగ్గర కూడా నిశ్శబ్దంగా తిరుగుతుంది. అదే మోటారును నిలబెడితే గుర్రుమంటుంది. గాలిని నెట్టే చక్రాన్ని మళ్లీ బ్యాలెన్స్ చేయించినా తేడా లేదు. ఇలాంటిది చూసినవారు ఉన్నారా?

ఆర్మేచర్_బెజవాడ
ఇక బ్యాలెన్స్ జోలికి వెళ్లకండి. లోపం అందులో ఉంటే అడ్డంగా ఉన్నప్పుడూ అదిరేది. మా రివైండింగ్ షాపుకు వచ్చే మిక్సీలలో రెండు రకాల చప్పుళ్లు వింటాను. నూనె అయిపోయిన బుష్ కీచుమంటుంది, బుష్ చుట్టూ నూనె పట్టి ఉంచే ఫెల్ట్ మీద చుక్క వేయగానే సర్దుకుంటుంది. రెండోది లోగొంతుతో వచ్చే గుర్రు. నూనె వేసినా తగ్గదు. ఒక్కోసారి అప్పటిదాకా లేని గుర్రు నూనె వేశాకే మొదలవుతుంది. మీరూ ఒక చుక్క వేసి చూడండి. మినరల్ ఆయిలే వేయాలి. కొబ్బరినూనె జిగురై రంధ్రాలను మూసేస్తుంది. గ్రీజు అసలే వద్దు.

టర్బైన్_విశ్రాంత
బెజవాడ మిత్రులు సరిగ్గా పట్టుకున్నారు. దీన్ని ఆయిల్ వర్ల్ అంటాం. షాఫ్ట్‌ను అంటుకున్న నూనె షాఫ్ట్ వేగంతో కదులుతుంది, బుష్‌ను అంటుకున్నది నిలిచి ఉంటుంది. సగటున నూనె పొర దాదాపు సగం వేగంతో చుట్టూ తిరుగుతుందన్నమాట. షాఫ్ట్ మీద బరువు ఉంటే అది ఒక పక్కకు ఒరిగి, సన్నబడిన సందులో పుట్టిన పీడనం మీద కుదురుకుంటుంది. బరువు లేకపోతే నడిమధ్యన తేలుతుంది. అప్పుడు కాస్త కదిలినా నూనె దాన్ని వెనక్కి నెట్టదు, పక్కకు తోస్తుంది. ఆ తోపుడును డ్యాంపింగ్ (కదలికను అణచే నూనె నిరోధం) అణచలేకపోతే షాఫ్ట్ కేంద్రమే గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. నిలువు మోటారులో రోటర్ బరువంతా కింది థ్రస్ట్ వాషర్ (షాఫ్ట్ చివర బరువు మోసే బిళ్ల) మీద పడుతుంది. బుష్‌లకు పక్క నుంచి భారమే లేదు.

కొలిచి నిర్ధారించుకోండి. కంపనాల స్పెక్ట్రంలో (ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో చూపే గీతలో) తిరిగే వేగంలో 0.42 నుంచి 0.48 వంతు మధ్య ఒక శిఖరం కనిపించాలి, వేగం పెంచితే అదీ జరగాలి. జరగకుండా ఒకేచోట బిగుసుకుపోతే అది ఆయిల్ విప్. సాధారణంగా క్రిటికల్ వేగానికి (షాఫ్ట్ తన సహజ కంపనంతో కలిసి విపరీతంగా ఊగే వేగానికి) రెట్టింపు దాటాక వస్తుంది. న్యూకిర్క్, టేలర్ అనే పరిశోధకులు 1925లోనే దీన్ని ప్రయోగాలతో చూపారు. విప్ కనిపిస్తే మోటారు ఆపేయండి, బుష్ మిగలదు.

బ్లోవర్_సాధన
చుక్క వేశాను, గుర్రు తగ్గలేదు. ఫోన్‌లోని కంపన సెన్సర్ ఈ వేగానికి అందలేదు కాబట్టి మైకుతో రికార్డు చేసి స్పెక్ట్రం తీశాను. 9,000 చుట్లంటే 150 హెర్ట్జ్. శిఖరం 70 దగ్గర ఉంది. 12,000 చుట్లకు, అంటే 200 హెర్ట్జ్‌కు, అది 93కు జరిగింది. అడ్డంగా పెడితే ఆ శిఖరమే లేదు. ఇంకొకటి: మోటారు చల్లగా ఉన్నప్పుడు గుర్రు ఎక్కువ, వేడెక్కాక తక్కువ.

టర్బైన్_విశ్రాంత
అయితే వర్లే, అనుమానం లేదు. వేడికి నూనె పలచబడి, ఉన్న కొద్దిపాటి పక్క లాగుడుకే షాఫ్ట్ ఒరుగుతోంది. టర్బైన్ల దగ్గర మేమూ ఆయిల్ ఉష్ణోగ్రత కొంచెం పెంచి అప్పటికి గట్టెక్కేవాళ్లం. రంధ్రాల బుష్ కావడం మీకు మేలే. పీడనం గోడలోకి జారిపోతుంది కాబట్టి అదే భారానికి షాఫ్ట్ మామూలు బుష్‌లో కంటే ఎక్కువ ఒరుగుతుంది.

వరంగల్_పరిశోధన
ఆ చివరి మాట దగ్గర నాకు అభ్యంతరం ఉందండీ. రంధ్రాల గుండా నూనె పోకకు 1856 నాటి డార్సీ సూత్రమే (రంధ్రాలున్న పదార్థంలో ద్రవ ప్రవాహ నియమం) ఆధారం. దాన్ని పొర పీడన సమీకరణంతో కలిపి మోర్గాన్, కామెరాన్ అనే పరిశోధకులు 1957లో ఈ బుష్‌ల లెక్క కట్టారు. గోడలోకి జారేది భారం మోసే పీడనం ఒక్కటే కాదు. షాఫ్ట్ బుష్ వైపు దూసుకొస్తే మధ్యన నలిగిన నూనె ఎదురు తిరగాలి, డ్యాంపింగ్ అంటే అదే. ఆ నూనె కూడా రంధ్రాల్లోకి తప్పుకుంటుంది. పక్క తోపుడు తగ్గుతుంది, దాన్ని అణచే బలమూ తగ్గుతుంది. ఏది ఎంత తగ్గిందన్నది పారగమ్యత (గోడ గుండా నూనె ఎంత సులువుగా పోతుందన్నది), గోడ మందం, పొడవు, భారం అన్నీ కలిసి తేలుస్తాయి. పైగా ఈ బుష్‌లలో పొర చుట్టూ నిండుగా ఉండటం అరుదు. నూనె వేశాక గుర్రు మొదలైందని బెజవాడ గారు చెప్పింది అందుకే నాకు ఎంతో విలువైనదిగా తోచింది. సగం ఎండిన పొర షాఫ్ట్‌ను ఒక పక్కన కూర్చోబెడుతుంది, నిండిన పొర తేలుస్తుంది. రంధ్రాలు లేని గట్టి బుష్‌ల స్థిరత్వ పటాలను (ఏ వేగం, భారం దగ్గర వర్ల్ వస్తుందో చూపేవాటిని) తెచ్చి వీటికి అతికించవద్దని నా మనవి.

టర్బైన్_విశ్రాంత
ఒప్పుకుంటాను. మేము వాడినవన్నీ గట్టి బేరింగులే, డ్యాంపింగ్ జారిపోయే సమస్య మాకు లేదు. కానీ భారం లేని షాఫ్ట్‌కు భారం కల్పించడం ఏ బుష్‌కైనా మొదటి మందు. రోటర్ అయస్కాంతాల పక్కన ఒకవైపు మాత్రమే, కదలకుండా, చిన్న ఇనుప పలక బిగించండి. షాఫ్ట్ అటు లాగబడుతుంది. పలక కాస్త వేడెక్కుతుంది, కరెంటు కొద్దిగా ఎక్కువ తీసుకుంటుంది. అది భరించాల్సిందే.

బ్లోవర్_సాధన
పలక బిగించాను. 12,000 దాకా శిఖరం పూర్తిగా పోయింది! 14,000 దగ్గర మళ్లీ తలెత్తుతోంది, 108 హెర్ట్జ్ దగ్గర. పలకను ఇంకా దగ్గరకు జరిపితే మోటారు స్టార్ట్ కావడానికే ఇబ్బంది పడుతోంది.

వరంగల్_పరిశోధన
ఇక బుష్ పొడవు తగ్గించండి. అదే లాగుడు తక్కువ వైశాల్యం మీద పడితే షాఫ్ట్ ఇంకా ఒరుగుతుంది. అరుగుదల పెరుగుతుంది కాబట్టి మరీ పొట్టిది వద్దు. భారం మోసే పక్కన సన్న రంధ్రాలు, మిగతా చుట్టూ పెద్ద రంధ్రాలు ఉన్న బుష్‌లు కూడా తయారవుతాయి. పీడనం అక్కడ నిలుస్తుంది, నూనె మిగతా వైపు నుంచి అందుతుంది. దొరికితే సన్న రంధ్రాల వైపు పలక ఉన్న దిక్కుకు తిప్పి బిగించండి.

ఆర్మేచర్_బెజవాడ
కొత్త బుష్‌ను సుత్తితో కొట్టి దింపవద్దు. నునుపైన మాండ్రెల్ (లోపల దూర్చే కడ్డీ) మీద ఎక్కించి తిన్నగా నొక్కండి. లోపల బిగుతుగా ఉందని రీమర్ (రంధ్రాన్ని చెక్కి పెద్దది చేసే పనిముట్టు) వేస్తే కంచు పాముకుని రంధ్రాల మూతులు మూసుకుపోతాయి. సైజింగ్ పిన్ను (సరైన కొలతగల నునుపు పిన్ను) దూర్చి సరిచేయాలి. సందు షాఫ్ట్ వ్యాసంలో వెయ్యో వంతుకు కాస్త అటూఇటూ ఉంటే చాలు. బిగించే ముందు వేడి నూనెలో ముంచి, బుడగలు రావడం ఆగేదాకా ఉంచండి. బయటికి తీసి తుడిచాక చేతి వేడికే పైన మళ్లీ సన్నగా నూనె చెమర్చాలి. చెమర్చకపోతే ఆ బుష్ పక్కన పెట్టేయండి.