ఒకే ఫ్యాన్ ఉన్న చిన్న కార్డు: వోల్టేజ్ దించాలా, తొడుగు పీకేయాలా?

కడప_బండ
కడపలో మేడ మీద గది నాది, స్లాబు మీద పొద్దంతా ఎండే. చిన్న కంప్యూటర్ క్యాబినెట్, అందులో ఒకే ఫ్యాన్ ఉన్న గ్రాఫిక్స్ కార్డు, ఆర్టీఎక్స్ 3060. ఆట మొదలుపెట్టి పది నిమిషాలు కాకముందే 83 డిగ్రీలు, ఫ్యాన్ 2,900 ఆర్పీఎం. పక్క గదిలో పడుకున్న మా నాయన "ఆ మిక్సీ ఆపురా" అంటాడు. కార్డు మీది ప్లాస్టిక్ తొడుగు, దాని ఫ్యాన్ పీకేసి 120 మి.మీ. ఫ్యాన్ జిప్ టైలతో కట్టేద్దామని తమ్ముడి గోల. చిప్పుకిచ్చే వోల్టేజ్ దించితే చాలని ఇంకొందరు. ఏది ముందు చేయాలి?

కొండారెడ్డి_బురుజు
తమ్ముడు చెప్పిందే కరెక్ట్. చిన్న ఫ్యాన్ అంత గాలి తోయాలంటే పిచ్చిగా తిరగాలి, పెద్దది 1,000 దగ్గర నింపాదిగా తోసేస్తుంది. ఫ్యాన్ శబ్దం వేగంతో పాటు సమానంగా పెరగదు, చాలా నిటారుగా పెరుగుతుంది. అదే ఫ్యాన్‌ను 3,000 నుంచి 2,000కి దించితే లెక్క ప్రకారం 9 డెసిబెల్స్ దాకా పోతుంది. కర్నూలులో నా కార్డుకి రెండేళ్ల కింద ఇదే చేశాను, ఇప్పుడు సీలింగ్ ఫ్యాన్ చప్పుడే ఎక్కువ.

గడియారస్తంభం
బురుజన్నా, నీది పొడుగు కార్డు, దానికి వేడిని లాగే రేకులు బోలెడు. ఈయనది జానెడు కార్డు. 120 ఫ్యాన్ పెడితే గాలిలో కొంత రేకుల పక్కనుంచి ఊరికే పోతుంది. పైగా ఆ ఫ్యాన్ మందం 25 మి.మీ., చిన్న క్యాబినెట్‌లో పక్క డోర్ మూసుకోవాలి గదా! కార్డు మీద ఉండే ఫ్యాన్ పిన్ను కూడా చిన్నది, మామూలు ఫ్యాన్ దానికి ఎక్కదు, అడాప్టర్ కావాలి.

అసలు సంగతి వేరే ఉంది. ఏ ఫ్యాన్ పెట్టినా గది కంటే చల్లటి గాలి రాదు. గది 28 ఉన్నప్పుడు 70 చూపించే కార్డు, గది 40 అయితే అదే లోడుకి, అదే ఫ్యాన్ వేగానికి 82 దగ్గర నిలబడుతుంది. ఏసీ గదిలో తీసిన వీడియోల లెక్కలు అనంతపురం ఏప్రిల్‌కి పనికిరావప్పా.

3060 రేటింగ్ 170 వాట్లు. పాతకాలపు 60 వాట్ల బల్బులు మూడు డబ్బాలో వెలిగించినట్టే. ముందు ఆ వేడి పుట్టడమే తగ్గించాలి. చిప్పు తినే పవరు వోల్టేజ్ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి ఉంటుంది. 1.05 నుంచి 0.9 వోల్టులకు దించితే, స్పీడు ముట్టుకోకపోయినా, ఆ వాటా నాలుగో వంతుకు పైగా తగ్గుతుంది. మొత్తం 170 నుంచి 125కి వచ్చినా చాలు, ఇంతకుముందు గది కంటే 43 డిగ్రీలు ఎక్కువ ఉన్న చోట 32 దగ్గర ఆగుతుంది. ఆ మిగిలిన డిగ్రీలను ఫ్యాన్ వేగం దించడానికి ఖర్చుపెట్టుకోవచ్చు. కార్డుని సర్దుకునే ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వోల్టేజ్, స్పీడుల గ్రాఫ్ వస్తుంది. పైసా ఖర్చు లేదు, స్క్రూ విప్పే పని లేదు.

కొండారెడ్డి_బురుజు
డబ్బు పోసి కొన్న కార్డుని నువ్వే కాళ్లు కట్టేస్తావా?

గడియారస్తంభం
కట్టేది లేదు. 83 దగ్గర అది తనంతట తానే స్పీడు తగ్గించుకుంటోంది, అప్పుడు పోయేది నీ డబ్బు కాదా? ఇంకొకటి: సెకనుకు 75 బొమ్మలే చూపించే 75 హెర్ట్జ్ మానిటర్ పెట్టుకుని 140 ఫ్రేములు తీయించడం ఎవరి కోసం? ఫ్రేములకు హద్దు పెట్టు, సగం గోల అక్కడే పోతుంది.

ఎర్రమట్టి
మీ ఇద్దరి గొడవలో ఎవరూ అడగలేదు. క్యాబినెట్ ఎక్కడ పెట్టావు తమ్ముడూ?

కడప_బండ
గోడలో నాపరాయి బండల అర ఉంది అన్నా, పై బండ కింద పెట్టాను. వెనక గోడ, రెండు వైపులా బండలు.

ఎర్రమట్టి
అదీ విషయం! అర కాదది, బట్టీ. వెనక నుంచి వదిలిన వేడిగాలి గోడకు కొట్టుకుని తిరిగొచ్చి మళ్లీ ముందు నుంచే లోపలికి పోతుంది. దాన్ని బయటికి తీసి బల్ల మీద, గోడకి జానెడు దూరంలో పెట్టు. దుమ్ము కూడా చూసుకో. మాది ఎర్రనేల, రెండు నెలలకే రేకుల మధ్య పొర కడుతుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకో, లేకపోతే గిరగిరా తిరిగి బేరింగ్ పాడవుతుంది. కూలర్ మూతి మాత్రం నేరుగా క్యాబినెట్ వైపు తిప్పొద్దు, నీటి తుంపర్లు వస్తాయి.

కడప_బండ
నిన్న రాత్రి చేసి చూశాను. ఒక్కోటి విడిగా, ప్రతిసారీ అరగంట అదే ఆట. అరలో నుంచి బయటికి తీస్తే 83 నుంచి 78. తర్వాత వోల్టేజ్. అత్యాశకి 0.85కి దించితే ఆట మధ్యలో తెర నల్లబడి డ్రైవర్ రీసెట్ అయింది. 0.9కి, 1,800 మెగాహెర్ట్జ్ దగ్గర నిలిచింది. ఫ్రేములు 75కి కట్టాను. ఇప్పుడు 71 డిగ్రీలు, ఫ్యాన్ 1,900. చప్పుడు ఉంది, కానీ తలుపు మూస్తే వినపడదు.

కొత్త తలనొప్పి ఒకటి. ఆట లేకుండా ఊరికే ఉన్నప్పుడు ఫ్యాన్ ఆగుతుంది, నిమిషానికి మళ్లీ సర్రున లేస్తుంది, మళ్లీ ఆగుతుంది. ఇది ఇంకా చిరాకు.

గడియారస్తంభం
గది వేడికి కార్డు ఖాళీగానే 50 దాటుతోంది, ఫ్యాన్ లేచే గీత అక్కడే ఉంటుంది. ఫ్యాన్ పూర్తిగా ఆగకుండా ఎప్పుడూ తక్కువ వేగంలో తిరిగేలా పెట్టు. ఒకే తీరుగా వచ్చే చప్పుడు చెవికి అలవాటైపోతుంది.

ఎర్రమట్టి
హాట్‌స్పాట్, అంటే చిప్పులో అన్నిటికంటే వేడెక్కిన చోటి రీడింగ్ కూడా ఒకసారి చూడు. మామూలు రీడింగ్ కంటే 20 డిగ్రీలు పైన ఉంటే చిప్పుకీ రేకుల దిమ్మకీ మధ్య పూసే పేస్టు ఎండిందేమో అనుకోవాలి. లేకపోతే విప్పొద్దు, వారంటీ స్టిక్కర్ చిరిగితే షాపువాడితో తలనొప్పి.

కడప_బండ
12 ఉంది అన్నా. ఫ్యాన్ ఆగకుండా పెట్టాను, పర్లేదు.

కొండారెడ్డి_బురుజు
సరే, ఈసారికి మీదే గెలుపు అనుకోండి. జిప్ టైలు మాత్రం పారేయొద్దని తమ్ముడికి చెప్పు. మే ఇంకా రాలేదు.