ఎముకకు దగ్గొస్తుందా? కాసం, క్షయ

చెన్నై పెరంబూరులో మా అత్తయ్యకు నాలుగు నెలలు నడుం నొప్పి. వాతం అన్నారు, పరుపు మార్చమన్నారు, బామ్ సీసాలు వరసగా ఖాళీ అయ్యాయి. పడుకున్నా తగ్గేది కాదు, రాత్రిళ్లు ఇంకా ఎక్కువ. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది. జాకెట్లు వదులయ్యాయి. చివరికి ఎంఆర్ఐ తీసి, వెన్నుపూసలోంచి చిన్న ముక్క పరీక్షకు పంపితే టీబీ అని తేలింది. చీటీ మీద తమిళంలో ‘ఎలుంబు కాసనోయ్’ అని రాశారు. ఎలుంబు అంటే ఎముక. అత్తయ్య వెంటనే, ‘‘నాకు దగ్గే లేదు కదే, కాసం ఏమిటి?’’ అంది.

మంచి చోటే పట్టుకుంది. సంస్కృతంలో కాస అంటే దగ్గు. తమిళం ఆ మాటనే మొత్తం జబ్బుకు పెట్టుకుంది. మనం క్షయ అన్నాం, అంటే తరుగుదల. క్షీణించడం, పంచాంగంలో క్షయ తిథి, అక్షయపాత్ర, అన్నీ ఆ ధాతువు సంతానమే. పూసను తినేసి వీపును గూనిలా పొడుచుకొచ్చేలా చేసే జబ్బుకు ఈ పేరే నప్పుతుంది. 1779లో లండన్ సర్జన్ పెర్సివాల్ పాట్ ఆ గూని గురించి, దానితో కాళ్లు పడిపోవడం గురించి రాశాడు. ఇంత కుదిరిన పేరు ఉండి కూడా మనం టీబీ అనగానే తెమడ కోసమే వెతుకుతాం. నాలుగు నెలలు అందుకే పోయాయి.

గడ్డ అంటే సలపాలి, ఎర్రబడాలి, కాలాలి. ఎముక టీబీలో గడ్డ లేచి చీము పట్టినా వేడి ఉండదు, అందుకే డాక్టర్లు కోల్డ్ ఆబ్సెస్ అంటారు. తెలుగులో ‘చల్లగడ్డ’ అందామా? మజ్జిగ అనుకుంటారేమో!

మజ్జిగ మాట అత్తయ్య చెవిన వెయ్యకండి, మందులు మానేస్తుంది. ఊపిరితిత్తులకైతే మామూలుగా 6 నెలలు, ఎముకకు కనీసం 12. మొదటి 2 నెలలు నాలుగు మందులు, తర్వాత మూడు. వాటిలో ఒకటైన రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులో వస్తే మొదటి రోజు కంగారుపడింది. ఆపరేషన్ ఇప్పుడు అక్కర్లేదన్నారు, కాళ్లలో పట్టు తప్పితే మాత్రం ఆ రోజే రమ్మన్నారు. ఊపిరితిత్తుల్లో లేదు కాబట్టి ఇతరులకు అంటదని చెప్పాక కూడా కంచం విడిగా పెట్టుకుంది, నేను తీసి కలిపేశాను.

మరో మాట. టీబీ రోగుల పేర్లు నమోదు చేసే సర్కారు వ్యవస్థ పేరు ‘నిక్షయ్’, అంటే క్షయ లేకపోవడం. నర్సమ్మ అది చెబితే అత్తయ్యకు తమిళ ‘నిచ్చయం’ వినిపించింది. ‘‘ఈ వయసులో నాకు నిశ్చితార్థం ఏమిటే?’’ అంది.