మ్యాట్, క్రోమ్, క్యాట్ ఐ... వీటికి ఎక్స్‌ట్రా ఎంత తీసుకుంటున్నారు మీరంతా?

బెజవాడ_గోళ్లు

హాయ్ అందరికీ. విజయవాడలో మా ఇంటి ముందు గదిలోనే నెయిల్స్ చేస్తున్నా, ఏడాదిన్నర అయింది. ప్లెయిన్ జెల్ పాలిష్ 600, ఎక్స్‌టెన్షన్స్ 1400, వీటి దగ్గర ఇంతవరకూ ఎవరితో మాట రాలేదు. గొడవంతా చివర్లో వేసే ఫినిష్ దగ్గరే వస్తోంది. ఒకరు మ్యాట్ (మెరుపు లేనిది) అంటారు, ఒకరు క్రోమ్ (పొడి రుద్ది అద్దంలా మెరిపించేది) అంటారు, ఇంకొకరు ఫోన్‌లో రీల్ చూపించి ఇలా మెరవాలి అంటారు, చూస్తే అది క్యాట్ ఐ (మాగ్నెట్‌తో పిల్లి కన్నులా మెరుపు గీత లాగేది). దేనికి ఎంత చెప్పాలో తెలీక అప్పటికప్పుడు నోటికొచ్చిన నంబర్ చెప్పేస్తున్నా. అక్కకి 100 చెప్పి వారం తర్వాత చెల్లెలికి 200 చెప్తే ఇద్దరూ ఇంట్లో మాట్లాడుకోరా మరి.

మొన్న పెళ్లివారు నలుగురు వచ్చారండి. పెళ్లికూతురి వదినగారు గోల్డ్ క్రోమ్ కావాలన్నారు, చేశా, బాగానే వచ్చింది. బిల్లు 900 అనేసరికి "ప్లెయిన్ 600 అన్నావుగా అమ్మా, ఆ పొడి కాస్త రుద్దినందుకు 300ఆ" అన్నారు అందరి ముందు. నాకు సమాధానం తట్టలేదు. ఇచ్చేసి వెళ్లారు కానీ నాకే మనసొప్పక రాత్రి కూర్చుని లెక్కేశా, పొడి డబ్బీ 250, నలభై మందికి పైనే వస్తుంది, అంటే మనిషికి ఆరు రూపాయలు. ఆరు రూపాయల పొడికి 300 అంటే అన్యాయమేమో అనిపించి ఆవిడకి 150 తిరిగి ఫోన్‌పే చేసేశా. మా ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. మీరు ఎలా పెడుతున్నారో కాస్త చెప్పండి ప్లీజ్.

కూకట్‌పల్లి_నెయిల్_అక్క

అయ్యో, వాపస్ ఎందుకు ఇచ్చినవ్ చెల్లె. నేను ఆరేండ్ల సంది చేస్తున్న, మొదట్ల నేను గూడ గిట్లనే సీసాల లెక్క చూస్కుంట కూసునేదాన్ని. ఆరు రూపాయలు పొడికి సరే, నీ పదిహేను నిమిషాలకు ఎవరిస్తరు?

క్రోమ్ పని ఎట్లుంటదో నీకు తెల్వంది కాదు, కానీ రేటు చెప్పేటప్పుడు మనమే మర్చిపోతం. రంగు వేసి ల్యాంప్ కింద గట్టిపడేదాక క్యూర్ చేసినంక నో-వైప్ టాప్ కోట్ (జిగట తుడిచే పని లేని పైపూత) వెయ్యాలె, అది ల్యాంప్ కింద ఎక్కువసేపు ఉంటే పొడి పట్టదు, తక్కువుంటే మచ్చలు మచ్చలుగ పడ్తది, నా ల్యాంప్‌కు 30 సెకన్లు సరిపోతది, నీ ల్యాంప్‌కు ఎంతనో నువ్వే చూస్కోవాలె. అప్పుడు స్పాంజ్‌తోని ఒక్కొక్క గోరు రుద్దాలె, అంచుల పొడి దులపాలె, గోరు చివర కొస దాక సీల్ చెయ్యాలె. ఆ కొస దగ్గర ఇంత పొడి మిగిలినా మూడో రోజుకు పొర లేస్తది, ఫోన్ వస్తది. ఇంకోటి, క్రోమ్ అద్దం లెక్క, కింద చిన్న గుంత ఉన్నా కనవడ్తది. అందుకే కింద బేస్ కూడ మామూలు కంటె జాగ్రత్తగ లెవెల్ చెయ్యాలె, ఆ టైమ్ ఎవరూ లెక్కల పట్టరు.

నా లెక్క చెప్త. కిరాయి 18,000, హెల్పర్ పిల్లకు 12,000, కరెంట్, ఇంటర్నెట్ కలిపి 4,000, మెషిన్ల కిస్తీ 2,000, నా జీతం 30,000. జీతం అని ఎందుకన్న అంటే చానామంది అది వేసుకోరు, మిగిలిందే మనదనుకుంటరు, ఏం మిగలదు. మొత్తం 66,000. నెలకు 26 రోజులు, రోజుకు నిజంగ చేతుల పని నడిచేది 300 నిమిషాలు, మిగతాదంత ఊడ్సుడు, తుడుసుడు, ఫోన్ల మాట్లాడుడే. అంటే 7,800 నిమిషాలు. భాగిస్తే నిమిషానికి ఎనిమిదిన్నర రూపాయలు పడ్తది. ఇగ క్రోమ్ 15 నిమిషాలు, అంటే 127, పొడి, ఇంకో టాప్ కోట్ కలిపి 20, పది మందిల ఒకరు మళ్ల వస్తరు, వాళ్లకు ఫ్రీగ చెయ్యాలె గాబట్టి దానికో పదిహేను. 162 అయితది. నేను 200 తీసుకుంట. నీది సొంతిల్లు, కిరాయి లేదంటవేమో, ఆ గది కిరాయికిస్తే ఎంతొస్తదో అది వేసుకో.

క్యాట్ ఐ అయితే ఇంకా మోసం, చూస్తే అల్కగ అనిపిస్తది. మాగ్నెట్ పది పదిహేను సెకన్లు పట్టుకుని వెంటనే ఆ ఒక్క గోరునే ల్యాంప్‌ల పెట్టాలె, అయిదు వేళ్లకు ఒక్కసారే పెడదామంటే మొదటి వేలి గీత చెదిరిపోతది. అంటే పది సార్లు పెట్టుడు తీసుడు. దానికి 150. మ్యాట్‌కు ఏం ఎక్కువ టైమ్ పట్టదు, గ్లాసీ బదులు మ్యాట్ సీసా తీస్తం గంతే, కానీ 50 తీసుకుంట. ఎందుకంటే వాళ్లు వాపస్ వస్తరు.

బీచ్‌రోడ్_బ్రష్

నేను వైజాగ్. అక్క లెక్క లోపల మనం వేసుకోడానికి బాగుందండి, కాదనను, కానీ అది కస్టమర్ ముందు పెట్టకూడదు. నేను మొదట్లో మ్యాట్ 50, క్రోమ్ 200, గ్లిటర్ 80, స్టోన్ ఒక్కోటి 15, ఫ్రెంచ్ (గోరు కొసకి తెల్లటి గీత) 200, ఇలా పెద్ద చార్ట్ రాసి గోడకి అంటించా. కూర్చున్న వాళ్లు అది చూస్తూ ఉంటారు, పని మొదలవ్వదు, "ఇది తీసేసి అది పెడితే ఎంత" అని కిరాణా కొట్లో బేరంలా అయిపోయింది. చింపేశా.

ఇప్పుడు మూడే రేట్లు. 700కి ఏ రంగైనా, గ్లాసీ అయినా మ్యాట్ అయినా ఒకటే. 950కి క్రోమ్, క్యాట్ ఐ, ఫ్రెంచ్, ఏదైనా ఒకటి. 1300కి చేతి పెయింటింగ్, స్టోన్స్, ఓంబ్రే (ఒక రంగులోంచి ఇంకో రంగులోకి కలిసిపోయేది) లాంటివి. ఫ్రెంచ్‌కి నాకు 20 నిమిషాలు పడుతుంది, క్యాట్ ఐకి 12, తేడా నాకు తెలుసు, నెల మీద అటూ ఇటూ సరిపోతుంది. పైగా 700 దగ్గరున్నావిడ 950 చూసి సరే అంటుంది, అదే 200 ఎక్స్‌ట్రా అంటే మొహం మాడ్చుకుంటుంది. ఎందుకో నాకూ అర్థం కాదు, అమౌంట్ దాదాపు ఒకటేగా.

మ్యాట్‌కి విడిగా 50 తీసుకోవడం మాత్రం నాకు నచ్చలేదు. టైమ్ పట్టనప్పుడు ఎందుకండీ.

కూకట్‌పల్లి_నెయిల్_అక్క

ఎందుకంటే మ్యాట్ వేస్కున్నోళ్లు పోయి పసుపు ముట్టుకుంటరు. లేత గులాబి మ్యాట్ వేస్కుని ఒకామె పోయింది, మూడో నాడు వచ్చింది, కుడిచేతి గోర్లన్ని పచ్చగ. ఆవకాయ అన్నం కలిపిందట. స్పిరిట్‌తోని తుడిస్తే సగమే పోయింది, ఆఖరికి పైపొర లైట్‌గ ఫైల్ చేసి గ్లాసీ వేసి పంపిన, ఇరవై నిమిషాలు పోయినయ్. చేత్తోని తినేటోళ్లం మనం, లేత రంగు మ్యాట్ అడిగితే ముందే చెప్త, పచ్చగైతే గ్లాసీకి మార్చుడు ఆ 50ల ఉంది అని. ఎక్కువమంది అది విని గ్లాసీయే వేయమంటరు, పీడ పోతది. నల్లది, మెరూన్ అయితే నేను గూడ తీసుకోను.

బీచ్‌రోడ్_బ్రష్

సరే, ఇది ఒప్పుకుంటా. మాకు చేపల పులుసు దగ్గర కూడా అదే గోల.

నెలకోసారి_మేనిక్యూర్

నేను నెయిల్స్ చేయను, చేయించుకుంటాను, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. పాపం మీరు 150 తిరిగి ఇచ్చారు కానీ ఆ వదినగారి స్థానంలో నేనున్నా అడిగేదాన్నేమో. 300 ఎక్కువని కాదు. చేయి ల్యాంప్‌లో ఉన్నప్పుడు "క్రోమ్ వేయనా మేడమ్, బాగుంటుంది" అని అడుగుతారు, సరే అంటాం, రేటు చెప్పరు, మనం అడగడానికి మొహమాటం, చివర్లో బిల్లు చూసి గుండె గుభేల్‌మంటుంది. హైదరాబాద్‌లో ఒక మాల్‌లో నాకు 800 అని చెప్పి 1,650 చేశారు, అందులో షేప్ మార్చినందుకు 150 అట, గుండ్రంగా ఉన్నది కోలగా చేయడానికి! అసలు నన్ను అడిగారా. మళ్లీ ఆ మెట్లెక్కలేదు. అదే మా కాలనీలో ఒక అమ్మాయి ముందే చిన్న పలక మీద సుద్దతో రాసి చూపిస్తుంది, ఇంత అవుతుంది మేడమ్ అని, ఆమె దగ్గర నేను 1,200 కూడా నవ్వుతూ ఇచ్చొస్తాను.

ఇంకొకటి, 2025 సెప్టెంబర్ 22 నుంచి సెలూన్ సర్వీసుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది కదా, రేటు మాత్రం ఎక్కడా తగ్గలేదేంటి?

బీచ్‌రోడ్_బ్రష్

మేడమ్, తగ్గింది నిజమే కానీ ఆ 5 శాతం పెట్టిన చోట మేం కొనే సరుకు మీద కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు, అంతకుముందు వచ్చేది. అందుకని మీరనుకున్నంత తేడా పడదు. ఇక ఏడాదికి 20 లక్షల లోపు టర్నోవర్ ఉన్న మాలాంటి వాళ్లలో చాలామందికి రిజిస్ట్రేషనే అక్కర్లేదు, అసలు బిల్లులో జీఎస్టీయే ఉండదు. రిజిస్ట్రేషన్ లేకుండా జీఎస్టీ అని రాసి ఎవరైనా అడిగితే నంబర్ చూపించమనండి.

బెజవాడ_గోళ్లు

అందరికీ థ్యాంక్స్ అండి, ముఖ్యంగా కూకట్‌పల్లి అక్కకి. నా లెక్క వేసుకున్నా, నాకు నిమిషానికి ఆరున్నర వచ్చింది, అంటే క్రోమ్‌కి 150 తీసుకోవచ్చు, అంటే నేను ఆవిడకి తిరిగిచ్చింది కరెక్టే అయింది, మా ఆయనకి చెప్పా.

ఇంకో రెండు డౌట్లు. రెండు వేళ్లకే క్రోమ్ వేయి, మిగతా ప్లెయిన్ అంటారు, "రెండు వేళ్లే కదా, ఫ్రీగా వేసెయ్ అమ్మా" అంటారు. దానికేం చేస్తారు? రెండోది గోరింటాకు. ఆషాఢంలో అందరూ పెట్టుకుంటారు, శ్రావణం రాగానే పెళ్లిళ్లకి అదే చేతులతో వచ్చి మిల్కీ వైట్ కావాలంటారు, పల్చటి రంగు కదా, కింద గోరు ఎర్రగా ఉంటే పైన నారింజ రంగులా కనిపిస్తోంది. రెండు కోట్లు కాదు, మూడేసినా అదే.

కూకట్‌పల్లి_నెయిల్_అక్క

రెండు వేళ్లకైనా పది వేళ్లకైనా డబ్బీ తీసుడు, స్పాంజ్ తీసుడు, టేబుల్ తుడుసుడు ఒక్కటే. అందుకే వేలు లెక్క కాదు, రెండు వరకు 80, మూడైతే పూర్తి రేటు. ఫ్రీ అని ఒక్కసారి వేసినవనుకో, అది ఆమెతోటి ఆగదు, వాళ్ల ఆడబిడ్డ వస్తది.

గోరింటాకుకు మిల్కీ ఎన్ని కోట్లు వేసినా లాభం లేదు. కింద గట్టి రంగున్న న్యూడ్ రబ్బర్ బేస్ (చర్మం రంగుల మందంగ ఉండే అడుగు పూత) ఒక పొర వెయ్, మొత్తం కప్పేస్తది, దాని మీద మిల్కీ ఒకటి చాలు. ఫైల్ పట్టుకుని ఎరుపు గీకి తీస్తందుకు చూడకు, అది గోరు లోపలికి దిగి ఉంటది, గోరు పల్చబడ్తది తప్ప రంగు పోదు. ఆ పొరకు నేను 100 తీసుకుంట, ముందే చేతులు చూసి చెప్త. శ్రావణంల మస్తు వస్తది ఈ పని, మూఢంల ఈగలు తోలుకునేటప్పుడు అది గుర్తుచేస్కోవాలె.

ఇంకో ముచ్చట. ఈమధ్య జర్మనీల ఉండే ఒకామె వచ్చి టాప్ కోట్‌ల టీపీవో (జెల్ ల్యాంప్ కింద గట్టిపడేందుకు కలిపే కెమికల్) ఉందా అని అడిగింది. యూరప్‌ల 2025 సెప్టెంబర్ 1 నుంచి అది బంద్ అయింది కదా. నేను అది లేని సీసాలకే మారిన, ఖరీదు జర ఎక్కువే, కానీ దాన్ని ఎక్స్‌ట్రా అని మాత్రం వెయ్యను, ప్లెయిన్ రేటే ఓ 20 పెంచిన. మెరుపుకు పైసలు అడగొచ్చు గని మంచి సామాను వాడినందుకు వేరే పైసలంటే, లేకపోతే నాసిరకం వేస్తవా అని అడుగుతరు.

ఫ్రిస్కో_పిన్ని

టెక్సస్ నుంచి. ఇక్కడ 600 గంటల కోర్సు చేసి మేనిక్యూరిస్ట్ లైసెన్స్ తీసుకున్నా, వియత్నాం వాళ్ల సెలూన్‌లో కొన్నాళ్లు చేసి ఇప్పుడు ఒక కుర్చీ అద్దెకి తీసుకుని సొంతంగా చేస్తున్నా. ఇక్కడ లామినేట్ చేసిన మెనూ ముందే చేతిలో పెడతారు, క్రోమ్ అయితే నేను 15 డాలర్లు, క్యాట్ ఐ 10. దాని మీద టిప్ వేరే, మనవాళ్లు టిప్ దగ్గరే ఆగిపోతారు, అది వేరే కథ. నేను చెప్పొచ్చేదేంటంటే బుకింగ్ మెసేజ్‌లోనే ఫినిష్ ఏంటో అడిగేయండి. రేటు కోసం కాదు, టైమ్ కోసం. ప్లెయిన్ అని గంట స్లాట్ ఇస్తే వచ్చాక క్యాట్ ఐ అంటారు, తర్వాతావిడ బయట కూర్చుని వాచీ చూస్తుంటుంది, ఆ కంగారులో కొసలు సీల్ చేయడం మర్చిపోతాం.

బెజవాడ_గోళ్లు

పిన్నిగారూ ఇది నాకు తట్టనే లేదు, ఇవాళ్టి నుంచే వాట్సాప్‌లో అడుగుతా.

అప్‌డేట్: మూడు రేట్లు పలక మీద రాసి తలుపు పక్కన పెట్టా, క్రోమ్ 150, రెండు వేళ్లకి 60, గోరింటాకు చేతులకి బేస్ 80. లేత రంగు మ్యాట్ అయితే పసుపు సంగతి నోటితో చెప్తున్నా. నిన్న ఆ వదినగారే మళ్లీ వచ్చారు, వాళ్ల అమ్మాయిని తీసుకుని. పలక మొత్తం చదివి "150ఏగా, మొన్న తిరిగి వేశావుగా, అందుకే వచ్చా" అన్నారు. వాళ్లమ్మాయికి పది వేళ్లకీ సిల్వర్ క్రోమ్, 750 ఇచ్చారు. వెళ్తూ వెళ్తూ ఆవిడ చూపుడువేలికి కొస దగ్గర కొంచెం లేచింది చూడు అని చూపించారు. కూర్చోబెట్టి ఫ్రీగా చేసి పంపించా.